నాన్నతో వాంకూవర్ బొమ్మలు చూసిన వేసవి

కెనడాలోని వాంకూవర్‌లో ఉన్న రోజుల్లో ఇండియా నుంచి చుట్టాలెవరొచ్చినా మా టూరు ఒకటే. పొద్దున్న స్టాన్లీ పార్కు, మధ్యాహ్నం కాపిలానో వేలాడే వంతెన, సాయంత్రం సర్రే వెళ్లి దోసె. పార్కులో టోటెమ్ స్తంభాల దగ్గర, అంటే బొమ్మలు చెక్కిన పొడుగాటి చెక్క స్తంభాల దగ్గర, ఫొటో తప్పనిసరి. అక్కడికి వచ్చివెళ్లిన తెలుగువాళ్ల ఫేస్‌బుక్‌లో ఆ ఫొటో లేకపోతే అసలు వెళ్లారా అని అనుమానం వస్తుంది. గద్ద ముక్కు కింద మామయ్యలు, ఎలుగుబంటి పక్కన పిన్నులు. "ఇవేంటర్రా?" అని ఎవరైనా అడిగితే మా ఆయన "ఇక్కడి ట్రైబల్స్ దేవుళ్లు" అనేసి, పార్కింగ్ టైమ్ అయిపోతోందని తొందరపెట్టేవాడు.

దేవుళ్లు కారు. ఆ సంగతి నాతో పనిచేసే ఆవిడ చెప్పింది. మా ఆయన యూబీసీలో, అంటే యూనివర్సిటీ ఆఫ్ బ్రిటిష్ కొలంబియాలో, పోస్ట్‌డాక్ చేస్తుంటే నేను క్యాంపస్‌లోనే పిల్లల డేకేర్‌లో చేరాను. అక్కడ వంటగది చూసుకునే ఆవిడ స్క్వామిష్ జాతి మనిషి. యాభై దాటిన వయసు, మాట తక్కువ, వెటకారం ఎక్కువ. వాంకూవర్ నగరం లేచిన నేల మస్క్వియం, స్క్వామిష్, స్లేవాటూత్ అనే మూడు జాతులది. ఏ ఒప్పందం మీదా సంతకం పెట్టి వాళ్లు ఆ నేలని ఎవరికీ రాసివ్వలేదు. 2014లో నగర కౌన్సిలే ఆ మాట అధికారికంగా ఒప్పుకుంది. అందుకని ఏ మీటింగైనా, చివరికి మా డేకేర్ పేరెంట్స్ మీటింగైనా, ముందు ఆ నాలుగు వాక్యాలు చదివి మొదలుపెట్టేవారు. అవి చదువుతున్నంతసేపూ ఆవిడ కాఫీ కప్పులు సర్దుకుంటూ ఉండేది. "మీదేనని ప్రతిసారీ చెప్తారు. తిరిగిస్తామని మాత్రం ఒక్కసారీ అనరు" అనేది నాతో.

ఓసారి మా పిన్ని ఫొటో చూపిస్తే ఫోన్ చేతిలోకి తీసుకుని, పెద్దది చేసి, "బావుంది. కానీ వీళ్లది మా ఊరు కాదు" అంది.

టోటెమ్ స్తంభాలు ఉత్తరాన ఉండే జాతులవి. హైదా, నిస్గా, క్వాక్వాకావాక్వ్ లాంటి వాళ్లవి. స్తంభం మీద ఉన్న గద్ద, తోడేలు, తిమింగలం ఒక కుటుంబం వంశచిహ్నాలు. ఆ కుటుంబానికి ఆ కథ ఎలా వచ్చిందో, ఏ నది మీద, ఏ తీరం మీద వాళ్లకి హక్కుందో ఆ బొమ్మలు చెప్తాయి. వేరే కుటుంబం వాళ్లు ముచ్చటపడి అదే బొమ్మ చెక్కించుకుంటామంటే కుదరదు. స్తంభం నిలబెట్టిన రోజు పాట్లాచ్ అనే పెద్ద విందు చేస్తారు. వచ్చినవాళ్లంతా సాక్షులు, వాళ్లకి కానుకలిచ్చి పంపాలి. కాగితం మీద రిజిస్ట్రేషన్ లేని చోట అంతమంది కళ్లముందు జరిగిందే రిజిస్ట్రేషన్. వాంకూవర్ చుట్టుపక్కల జాతులకి ఆకాశమంత స్తంభాల అలవాటు లేదు. వాళ్లవి ఇంటి లోపల దూలాలు మోసే చెక్కడపు స్తంభాలు, నీటి ఒడ్డున నిలబడి పడవల్లో వచ్చేవాళ్లని పలకరించే స్వాగతమూర్తులు.

మరి ఉత్తరాది స్తంభాలు ఇక్కడికెలా వచ్చాయి? 1920లలో పార్కు బోర్డు వాంకూవర్ ద్వీపం వైపు ఉన్న అలర్ట్ బే నుంచి నాలుగు స్తంభాలు కొనుక్కొచ్చింది. పార్కులో 'ఇండియన్ గ్రామం' ఒకటి నమూనాగా కట్టి జనానికి చూపించాలని ఆలోచన. అదే కాలంలో కెనడా చట్టం ప్రకారం పాట్లాచ్ నేరం. 1885 నుంచి 1951 దాకా ఆ నిషేధం పుస్తకాల్లో ఉంది. 1921 డిసెంబరులో అలర్ట్ బే దగ్గరి ఒక ద్వీపంలో పెద్ద పాట్లాచ్ జరిగితే, ప్రసంగాలు చేసినందుకు, నాట్యం చేసినందుకు, కానుకలు పంచినందుకు కేసులు పెట్టి కొందరిని జైలుకి పంపారు. ముసుగులూ పళ్లేలూ జప్తు చేసి మ్యూజియాలకి చేర్చారు. స్తంభం కావాలి, స్తంభం నిలబెట్టే పండగ మాత్రం నేరం.

అంతకన్నా నన్ను పట్టుకున్నది ఆ స్తంభాలున్న జాగా కథ. స్టాన్లీ పార్కు ఎవరూ లేని అడవి కాదు. అక్కడ హ్వైహ్వై అనే పెద్ద ఊరుండేది. 1888లో పార్కు చుట్టూ రోడ్డు వేసినప్పుడు, తరతరాలుగా ఆ ఊరివాళ్లు తిని పారేసిన గవ్వలూ ఆల్చిప్పలూ దిబ్బలు దిబ్బలుగా పేరుకునుంటే, వాటిని తవ్వి రోడ్డు మీద పరిచారు. ఆ దిబ్బల్లోనే వాళ్ల పెద్దల సమాధులు కూడా ఉన్నాయి. ఆగస్ట్ జాక్ ఖాట్సలానో అనే స్క్వామిష్ పెద్దాయన తన చిన్నప్పటి సంగతి తర్వాత చెప్పి రాయించాడు: వాళ్లు ఇంట్లో కూర్చుని తింటుంటే, రోడ్డుకి కొలతలు వేసేవాళ్లు వచ్చి ఇంటి మూల నరికేశారట. వాంకూవర్‌లో ఇప్పుడు ఖరీదైన ఇళ్లున్న కిట్సిలానో పేటకి ఆ పేరు వాళ్ల తాతగారిది.

రోడ్డు పడ్డాక కూడా పార్కులోని బ్రాక్టన్ పాయింట్ దగ్గర కొన్ని కుటుంబాలు ఉండిపోయాయి. నగరం వాళ్లని ఆక్రమణదారులంటూ కోర్టుకెక్కింది, గెలిచింది. 1931లో ఇళ్లు ఖాళీ చేయించి తగలబెట్టారు. టిమ్ కమ్మింగ్స్ అనే ఒక్కాయన్ని మాత్రం ఉండనిచ్చారు. ఆయన 1958లో పోయాడు. ఆ తర్వాత 1960లలో టోటెమ్ స్తంభాలని తెచ్చి సరిగ్గా ఆ బ్రాక్టన్ పాయింట్‌లోనే నిలబెట్టారు. అక్కడుండే మనుషుల్ని పంపేశారు, దూరాన ఉన్నవాళ్ల బొమ్మలు తెచ్చి పెట్టారు. ఇప్పుడు ఆ రాష్ట్రం మొత్తం మీద ఎక్కువమంది చూసే చోటు అదేనంటారు.

"ఈసారి వెళ్తే తొమ్మిదో స్తంభం ముందు చూడు" అంది ఆవిడ. అది 2009లో వచ్చింది. చెక్కినవాడు రాబర్ట్ యెల్టన్, స్క్వామిష్. బ్రాక్టన్ పాయింట్‌లో బతికిన చివరితరం మనుషుల్లో ఒకరైన వాళ్లమ్మ రోజ్ కోసం చెక్కాడు. దానికి ఏడాది ముందు, 2008లో, మస్క్వియం శిల్పి సూజన్ పాయింట్ చెక్కిన మూడు ఎర్ర సీడార్ తోరణాలు అక్కడ నిలబెట్టారు. వాళ్ల పాత ఇళ్ల ద్వారబంధాల పద్ధతిలో ఉంటాయి. టూరిస్టులు వాటి కిందనుంచే నడుచుకుంటూ వెళ్లి పొడుగాటి స్తంభాలకి ఫొటో తీసుకుంటారు. నేలకి సొంతదారులది గుమ్మం, చుట్టపుచూపుగా వచ్చినవాళ్లది ఎత్తు. ఆ తర్వాత నుంచీ మా చుట్టాలకి నేనే గైడు. మామయ్యలు మొహమాటానికి వినేవారు. మా ఆయన పార్కింగ్ గురించి మాత్రం మాట మార్చలేదు.

క్యాంపస్‌లో బొమ్మలు మాకు రోజూ దారిలోవే. యూనివర్సిటీ బులెవార్డ్ మీద, కొత్త ఫౌంటెన్ మొదట్లో, 2016 ఏప్రిల్‌లో ఒక మస్క్వియం స్తంభం నిలబెట్టారు. బ్రెంట్ స్పారో జూనియర్ చెక్కింది. ఆయన సూజన్ పాయింట్ మేనల్లుడో కొడుకో అని మా డేకేర్‌లో చర్చ జరిగితే వంటగది ఆవిడ "మీకెందుకు, స్తంభం చూడండి" అని తేల్చేసింది. దాని మీద రెండు తలల పాము ఉంటుంది. ఒకప్పుడు అక్కడికి దగ్గర్లో ఒక చెరువుండేదట. అందులో ఆ పాము ఉండేదట. పిల్లల్ని అటు పోవద్దని పెద్దలు భయం చెప్పేవారు. ఒకనాడు అది చెరువులోంచి బయల్దేరి మెలికలు తిరుగుతూ నదిదాకా పాకింది. దాని కింద పడ్డవన్నీ చచ్చిపోయాయి, అది పోయిన దారిలో దాని పేడలోంచి ఒక కొత్త మొక్క మొలిచింది. ఆ మొక్క పేరే ఆ జాతి పేరు.

కథ అక్కడితో ఆగితే ఏదో పురాణం విన్నాంలే అనుకోవచ్చు. కానీ ఆ చెరువు జాగా ఇప్పటికీ ఉంది, కామోసన్ బాగ్ అంటారు. అడవి మధ్య మెత్తగా దిగబడే నాచునేల. కర్రల వంతెన మీద నడిచి చూడొచ్చు. పాము పాకిన మెలికల్లోనే ఇప్పటికీ వాగు పారుతుందంటారు మస్క్వియం వాళ్లు. వాళ్ల నేలలో పారే ఆ వాగులోకి సాల్మన్ చేపలు ఇంకా ఎదురెక్కి వస్తాయి. నగరంలో మిగతా వాగులు చాలావరకు పైపుల్లోకి, రోడ్ల కిందికి పోయాయి. నేను ఒక ఆదివారం స్తంభం దగ్గర మొదలుపెట్టి బాగ్‌దాకా నడిచాను. సిటీ మ్యాప్‌లో ఆ రెంటికీ ఏ సంబంధమూ కనపడదు. కథ తెలిశాక ఆ స్తంభాన్ని అక్కణ్ణుంచి తీసి ఇంకో ఊళ్లో పెట్టడం ఊహించలేను. పెడితే అది చెక్కిన మొద్దే.

2017 ఏప్రిల్ 1న ఇంకొకటి లేచింది, మెయిన్ మాల్ దక్షిణం వైపు. మాల్ అంటే షాపింగ్ కాదు, రెండు వైపులా చెట్లున్న పొడుగాటి నడకదారి. రీకన్సిలియేషన్ పోల్ అని పేరు, అంటే సయోధ్య స్తంభం. చెక్కినవాడు హైదా వంశపెద్ద, శిల్పి జేమ్స్ హార్ట్. చెట్టు వయసు దాదాపు ఎనిమిది వందల ఏళ్లు, ఎత్తు యాభై అయిదు అడుగులు. హైదా వాళ్లది కాబట్టి ఇదీ చుట్టపు స్తంభమే. కానీ మస్క్వియం వాళ్ల నేల మీద వాళ్ల అనుమతితో, వాళ్ల స్వాగతంతో లేచింది. తొంభై ఏళ్ల కిందట పార్కు బోర్డు కొనుక్కొచ్చిన తీరుకీ దీనికీ తేడా అదే. క్రేన్‌తో కాకుండా వందలమంది తాళ్లు పట్టి లాగి నిలబెట్టారు. నేనూ ఒక తాడు చివర పట్టుకున్నాను. లాగమన్నప్పుడు లాగాలి, ఆపమన్నప్పుడు కదలకుండా బిగపట్టాలి, అదే కష్టం. చేతులు మండిపోయాయి. మంట కన్నా ఎక్కువగా గుర్తున్నది, నా ముందున్న ముసలావిడ స్నీకర్లు మట్టిలో దిగబడిపోతే తాడు వదలకుండానే వాటిని విడిచేసి సాక్సుల మీద నిలబడటం.

నాన్న 2018 వేసవిలో వచ్చాడు. అమ్మ వీసా దాకా వచ్చి, విమానంలో అన్ని గంటలు కూర్చోలేనని ఆగిపోయింది. నాన్న పాలకొండలో ఉంటాడు. రిటైరయ్యేదాకా ఏజెన్సీలో గిరిజన పిల్లల ఆశ్రమ పాఠశాలలో టీచరు. ప్రతి బోర్డూ మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివితే గానీ అడుగు ముందుకెయ్యని మనిషి. ఎయిర్‌పోర్టులో మేము బయట ఎదురుచూస్తుంటే, అందరూ వచ్చేశాక ఎప్పటికో వచ్చాడు.

"ఏటి నాన్నా, ఇంతసేపు? ఇమిగ్రేషన్‌లో ఏమైనా అడిగారా?" అంటే, "లేదమ్మా, లోపల బొమ్మలున్నాయి, చూస్తన్నాను" అన్నాడు.

వాంకూవర్ ఎయిర్‌పోర్టు ఉన్నది సీ ఐలాండ్ మీద, మస్క్వియం వాళ్ల నేల. అంతర్జాతీయ విమానాల్లో వచ్చినవాళ్లు మెట్లు దిగే చోట రెండు నిలువెత్తు సీడార్ స్వాగతమూర్తులు, వాటి వెనక నీటి జాలు ముందు పెద్ద చక్రం. సూజన్ పాయింట్ చెక్కినవే, 1990ల మధ్యలో. ఆ చక్రం దాదాపు పదహారు అడుగుల వెడల్పు ఉంటుంది. ఇంటర్నెట్‌లో దాన్ని అందమైన గుండ్రటి చెక్కడం అంటారు. నాన్న చూడగానే పోల్చుకున్నాడు. "కదురు బిళ్ల కదమ్మా అది? కదురుకి ఇంత బిళ్లా!" నాయనమ్మ పుట్టిల్లు పొందూరు దగ్గర. వాలుగ చేప దవడతో దూది దువ్వి, కదురు మీద సన్ననూలు తీసే ఇళ్ల మధ్య పెరిగింది. ఇక్కడి ఆడవాళ్లు కొండమేక బొచ్చూ, బొచ్చు కోసమే పెంచిన ఒక జాతి కుక్కల బొచ్చూ కలిపి వడికేవారని చెప్తే నాన్నకి నచ్చింది. "వచ్చినవాణ్ణి ముందు వాళ్ల ఆడవాళ్ల పనిముట్టు దగ్గర నిలబెట్టారు. బావుంది. మరి జాగాకి శిస్తేమైనా ఇస్తన్నారా?" అన్నాడు. ఆ ప్రశ్న అంతకుముందు ఏ చుట్టమూ అడగలేదు. ముందు ఏడాదే, 2017లో, ఎయిర్‌పోర్టుకీ మస్క్వియం వాళ్లకీ ముప్ఫై ఏళ్ల ఒప్పందం కుదిరింది, ఏటా ఆదాయంలో ఒక శాతం వాళ్లకి ఇవ్వాలని. చెప్పాను. "ఒకటేనా?" అన్నాడు కారు సీటు బెల్టు పెట్టుకుంటూ.

అదే ఎయిర్‌పోర్టులో బిల్ రీడ్ అనే శిల్పి చేసిన పచ్చటి కంచు పడవ ఉంది. మనుషులూ జంతువులూ కిక్కిరిసి తెడ్లు వేసే పడవ. ఒకప్పటి ఇరవై డాలర్ల నోటు వెనక దాని బొమ్మ ఉండేది. మా వాళ్లంతా దాని ముందే సెల్ఫీలు దిగుతారు. నాన్న దాన్ని చూసి "బావుంది, బావుంది" అని వచ్చేశాడు. నాకైతే అది చాలా ఇష్టం. ఎలుగుబంటి మొహంలో చిరాకు చూడటానికి ఎన్నిసార్లైనా ఆగుతాను.

స్టాన్లీ పార్కులో నాన్నని గైడ్ చెయ్యాల్సిన అవసరం రాలేదు. తోరణాల దగ్గర బోర్డు చదివాడు, తొమ్మిదో స్తంభం దగ్గర బోర్డు చదివాడు, కళ్లజోడు తుడుచుకుని చుట్టూ చూశాడు. "ఇల్లెక్కడుండేవి?" అన్నాడు. నేను గడ్డి వైపు చూపించాను. అక్కడ గిఫ్ట్ షాపు, బస్సులు ఆగే చోటు. "ఒక్క గోడైనా ఉంచకపోయారా" అన్నాడు. తర్వాత సముద్రపు గోడ వెంట చాలాదూరం నడిచి, పడమటి వైపు నీళ్లలో ఒంటరిగా నిలబడ్డ రాతి దగ్గర కూర్చున్నాం. ఆ రాతికో కథ ఉంది. బిడ్డ పుట్టబోతుంటే తండ్రి కాబోయేవాడు ఒళ్లు శుద్ధి చేసుకోవడానికి ఈదుతున్నాడట, దేవదూతల పడవ అడ్డొచ్చినా పక్కకి తప్పుకోలేదట. బిడ్డ కోసం అంత పట్టుదల చూపినందుకు అతన్ని అందరికీ కనపడేలా రాయిగా నిలబెట్టారట. ఎవరూ ఉలితో ముట్టుకోని బొమ్మ అది. నాన్నకి ఇలాంటివి కొత్త కాదు. మా వైపు ఏ కొండనడిగినా ఒక కథ చెప్తుంది, కొండకి కట్నం పెట్టకుండా పోడు కొట్టరు సవర గిరిజనులు. ఇంగ్లిష్ బే ఒడ్డున రాళ్లు పేర్చిన ఇనుక్షుక్ దగ్గర మాత్రం నాన్న ఎక్కువసేపు నిలబడలేదు. అది 1986 ఎక్స్‌పో కోసం చేసింది. 2010 ఒలింపిక్స్ లోగో కూడా ఆ రూపమే. ఇన్యూట్లు ఆర్కిటిక్ మంచులో దారి తెలియడానికి పేర్చుకునే గుర్తు. "ఇక్కడ దారి తప్పేదెవరు?" అని నవ్వి ఐస్‌క్రీమ్ వైపు నడిచాడు.

క్యాంపస్‌లో రీకన్సిలియేషన్ పోల్ దగ్గర నవ్వలేదు.

ఆ స్తంభాన్ని కిందనుంచి పైకి చదవాలి. అడుగున సాల్మన్ చేపలు, ఎలుగుబంటి, కాకి. చేపలు తిరిగి రావాలని పూజ చేసే మనిషి. తమ పద్ధతిలో తాము బతికిన కాలం అది. సరిగ్గా మధ్యలో ఒక ఇల్లు ఉంటుంది. మామూలు ఇల్లు కాదు, రెసిడెన్షియల్ స్కూలు. హార్ట్ తాతగారు చదివిన చిల్లివాక్ స్కూలు నమూనా. పంతొమ్మిదో శతాబ్దం నుంచి 1990ల దాకా ఆదివాసీ పిల్లల్ని తల్లిదండ్రుల దగ్గర్నుంచి తీసుకుపోయి, వాళ్ల భాష మాట్లాడితే కొట్టి, పేరు బదులు నంబరు వేసి పెంచిన బడులవి. ఆ ఇంటి చుట్టూ వేలాది రాగి మేకులు. ఆ బడుల్లో చనిపోయిన ఒక్కో బిడ్డకీ ఒక్కో మేకు. అక్కడ చదివి బతికి బయటపడ్డవాళ్లూ వాళ్ల కుటుంబాలూ కొట్టినవే వాటిలో చాలా ఉన్నాయి. ఇంటి పైన యూనిఫాం వేసుకుని ఒకరినొకరు పట్టుకున్న పిల్లలు. ఇంకా పైకి వెళ్తే మళ్లీ ఆత్మరూపాలు, ఒక కుటుంబం, పడవ, కొసన ఎగరబోతున్న గద్ద.

నాన్న బోర్డు చదవకముందే అడిగాడు. "పిల్లలకి కాళ్లేవమ్మా?"

నేను అంతకుముందు ఎన్నోసార్లు ఆ దారిన వెళ్లాను, లేచిన రోజు తాడు కూడా పట్టుకున్నాను. కాళ్లు కావాలనే చెక్కలేదు. ఆ రోజుల్లో ఆ పిల్లలకి కింద నేల లేదు కాబట్టి అని శిల్పే చెప్పాడు. ఆ మాట చెప్తే నాన్న ఎదురుగా బల్ల మీద కూర్చున్నాడు. చాలాసేపటికి బడి సంగతులు మొదలుపెట్టాడు, నాకు అంతకుముందెప్పుడూ చెప్పనివి.

కంది కొత్తల పండగ వచ్చిందంటే హాస్టల్ సగం ఖాళీ అయ్యేదట. రాత్రికి రాత్రి పిల్లలు కొండెక్కి ఇంటికి పోయేవారు. హాజరు తగ్గితే మెమో వస్తుందని నాన్నా, అటెండరూ కలిసి గూడేలకి నడిచి వెళ్లి వాళ్లని వెనక్కి తెచ్చేవారు. "అక్కడ డప్పులు కొట్టుకుంటూ కొత్త కందులు వండుకుంటంటే, మధ్యలో కెళ్లి నా పిల్లలేరీ అనేవాణ్ణి. వాళ్ల అమ్మలు నాకూ ఓ దొప్పలో పెట్టేవారు. తినేసి తీసుకొచ్చేవాణ్ణి." ఒక కుర్రాడు హాస్టల్ గోడ మీద బియ్యప్పిండితో బొమ్మలు వేశాడట. సవరలు ఇంటి లోపల ఎర్రమట్టి గోడ మీద పెద్దల కోసం వేసుకునే బొమ్మలు. సన్నటి మనుషులు, చెట్టు, ఏనుగు, గుర్రం, సూర్యుడు. ఇంట్లో ఎవరికో ఒంట్లో బావులేదని కబురొస్తే వేశాడు. ఇన్‌స్పెక్షన్ ఉందని వారం లోపల గోడకి సున్నం కొట్టేశారు.

"వీళ్లలాగ లాక్కొచ్చి కట్టెయ్యలేదు మనం. చదువొచ్చింది వాళ్లకి, ఉద్యోగాలొచ్చాయి. నా పిల్లలు ఇవాళ ఎంఆర్ఓలున్నారు, టీచర్లున్నారు" అన్నాడు. ఆగి, "ఆ కుర్రోడు మాత్రం తర్వాత రాలేదు" అన్నాడు. నిజమే, రెండూ ఒకటి కాదు. కెనడా బడుల క్రూరత్వాన్ని మన ఆశ్రమ పాఠశాలల పక్కన పెట్టి సమానం అనడం అన్యాయం, నాన్నలాంటి వాళ్లు పెట్టిన కష్టానికీ అన్యాయం. అయినా ఆ బల్ల మీద కూర్చుని నాన్న పోల్చుకుంటుంటే వద్దనలేదు నేను. పదిహేడు మీటర్ల హైదా స్తంభం ముందు పాలకొండ మనిషికి తన గోడ గుర్తొచ్చింది.

ఇండియా వచ్చే ముందు వంటగది ఆవిడకి ఏదైనా ఇవ్వాలనిపించింది. నాన్న తెచ్చిన సామాన్లలో ఒక సవర బొమ్మ ఉంది. గుడ్డ మీద వేసింది, ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) స్టాల్లో కొన్నది. ఇచ్చాను. బొమ్మని టేబుల్ మీద పరిచి చాలాసేపు చూసి, "ఎవరి ఇంటిది ఇది?" అంది. నాకర్థం కాలేదు. "ఏ కుటుంబానిది? నేను పెట్టుకోవచ్చా? వాళ్లు అమ్మడానికే వేశారా, లేక ఎవరి గోడ మీద నుంచో ఎత్తి రాశారా?" ఆవిడకి థాంక్యూ చెప్పే పద్ధతి ఇదా అని కొంచెం చిన్నబుచ్చుకున్నాను కూడా. తెలుసుకునేదాకా మడతపెట్టి ఉంచుతానని చెప్పి డ్రాయర్లో పెట్టేసింది.

మేము 2019లో వచ్చేసి విశాఖలో పడ్డాం. ఆ తర్వాత అక్కడి వార్తలు ఫోన్లోనే. 2022 ఫిబ్రవరి 14న గాస్‌టౌన్‌లో గాసీ జాక్ విగ్రహాన్ని జనం తాళ్లు కట్టి లాగి పడగొట్టిన వీడియో నాన్నకి చూపించాను. గాసీ జాక్ ఒకప్పటి సారాకొట్టు ఓనరు, అతని పేరు మీదే ఆ పేట. అతను పెళ్లి చేసుకున్న స్క్వామిష్ పిల్ల వయసు పన్నెండేళ్లు. నేనూ ఎన్నో సాయంత్రాలు ఆ విగ్రహం పక్కన కాఫీ తాగాను. పడగొట్టిన వాళ్లు ఆ రోజు హత్యకి గురైన, ఆచూకీ లేకుండా పోయిన ఆడవాళ్ల కోసం నడిచే ఊరేగింపులోంచి వచ్చినవాళ్లు. నిజానికి అప్పటికే దాన్ని తీయించడం గురించి స్క్వామిష్ వాళ్లు నగరంతో మాట్లాడుతున్నారు. "ఇంకొన్నాళ్లు ఆగితే పద్ధతిగా దిగేది" అన్నాడు నాన్న. వంటగది ఆవిడకి మెసేజ్ పెడితే "ఎన్నాళ్లు ఆగాలో మీ నాన్నని అడుగు" అని జవాబు. 2023లో స్కాట్లాండ్ మ్యూజియం నుంచి నిస్గా వాళ్ల స్తంభం ఇంటికి తిరిగొచ్చినప్పుడు మాత్రం ఆవిడే ఫొటో పంపింది. అది 1929లో పోయింది.

బొమ్మ సంగతి నాన్న పట్టుకున్నాడు. పాత శిష్యుడొకడు సీతంపేట వైపు టీచరుగా ఉన్నాడు, అతనికి ఫోటో పంపించి అడిగాడు. అతను వాళ్ల పెదనాన్నని అడిగాడు. జవాబు వాయిస్ మెసేజ్‌లో వచ్చింది, సగం సవరలో, సగం తెలుగులో. "మాస్టారూ, ఇది బజారుకి వేసిందే. పెద్దలకేసే బొమ్మ వేసేటప్పుడు కల రావాలి, కల్లు పొయ్యాలి, కోడిని కొయ్యాలి, అది గోడ మీదే ఉంటాది, గుడ్డకెక్కదు. దీంట్లో ఆ గుర్తులు లేవు. వేసినోళ్లకి డబ్బులందితే చాలు, ఎవలైనా పెట్టుకోవచ్చు" అని. డబ్బులు అందాయా అన్నది కనుక్కోవడానికి నాన్నకి ఇంకా కొన్నాళ్లు పట్టింది. స్టాల్ రసీదు మీద ఉన్న ఊరికి మనిషిని పంపాడు. అందాయి, తక్కువే గానీ అందాయి.

అదంతా ఇంగ్లీషులో రాసి ఆవిడకి పంపాను. మర్నాడు ఫొటో పెట్టింది. బొమ్మకి ఫ్రేము కట్టించి వంటింట్లో ఫ్రిజ్ పక్కన తగిలించింది. కింద ఒక ప్రశ్న కూడా ఉంది: "కోడి దేనికి?" నాన్నని అడిగి చెప్తానన్నాను. నాన్న శిష్యుణ్ణి అడిగి చెప్తానన్నాడు.